చివరికి మిగిలిన అమ్మాయి



పులిహోర టిఫినా, భోజనమా, ప్రసాదమా అని ఎవరైనా అడిగితే మనకి నవ్వొస్తుంది. గుళ్ళో చేతిలో పెడితే ప్రసాదం. పెళ్ళిలో విస్తట్లో వడ్డిస్తే భోజనంలో ఒక భాగం. రైలు ప్రయాణానికి మూటగట్టుకుంటే టిఫిను. పదార్థం ఒక్కటే. దాన్ని ఏ అరలో పెట్టాలన్నది మాత్రం మనం దాన్ని ఎటునుంచి చూస్తున్నామో దాన్నిబట్టి ఉంటుంది.

కథల సంగతి కూడా ఇంతే. ఇది ఏ జాతి కథ, ఇందులో ఉన్న పిల్ల ఏ రకం పిల్ల, ఈ మలుపు ఇంతకుముందు ఎక్కడ చూశాం అని వాదించుకోవడం కథ వినడమంత సరదాగానూ ఉంటుంది. అలా వాదించుకునేవాళ్ళలో భయానక చిత్రాల అభిమానులది అందె వేసిన చెయ్యి. వాళ్ళు ఏళ్ళ తరబడి తెంచకుండా పెట్టుకున్న తగాదా ఒకటుంది. దాని గురించి ఈవేళ మీతో ముచ్చటిస్తాను. ఆ తగాదా పేరు ‘ఫైనల్ గర్ల్’. మన మాటల్లో ‘చివరికి మిగిలిన అమ్మాయి’ అనుకుందాం.

“కత్తిపోట్ల సినిమాల గొడవ మనకెందుకమ్మా?” అని మీలో కొందరు అనుకోవచ్చు. వాటిని చూడమని చెప్పడం నా ఉద్దేశం కాదు. చూడలేనివాళ్ళు చూడక్కర్లేదు కూడా. కాని ఆ సినిమాల్లో ఏ ఆడపిల్ల బతుకుతుంది, ఏ ఆడపిల్ల చస్తుంది అనేదానికి ఒక లెక్క ఉంది. ఆ లెక్క అమెరికా తెరమీద పుట్టిందే అయినా, మన వరండాల్లో కూర్చుని మనం వేసే లెక్కకి చాలా దగ్గరగా ఉంటుంది. అందుకని మనం కూడా ఒకసారి తెలుసుకోవడం మంచిది.

కథల్ని రకాలుగా విడదియ్యడం కొత్త పనేమీ కాదు. మన భరతముని నాట్యశాస్త్రంలో రసాలను ఎనిమిదిగా విభజించాడు. తర్వాతివాళ్ళు శాంతాన్ని చేర్చి నవరసాలన్నారు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆయన భయానకాన్ని వేరే పెట్టాడు, బీభత్సాన్ని వేరే పెట్టాడు. గుండె దడదడలాడడం ఒకటి, కడుపులో తిప్పడం మరొకటి. ఈ రెండూ ఒకటి కావని ఆయన ఎప్పుడో చెప్పాడు. ఈ తేడా మనకి మళ్ళీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

ఇక పడమటి దేశాల్లో 1910లో ఫిన్లండ్ పండితుడు ఆంటీ ఆర్నె జానపద కథలకు నంబర్లు వేసి జాబితా కట్టాడు. 1928లో రష్యాలో వ్లదీమిర్ ప్రాప్ అనే ఆయన మంత్రతంత్రాల కథలను విప్పి చూసి, వాటిలో జరిగే పనులన్నీ కలిపి ముప్ఫై ఒకటేనన్నాడు. తర్వాత అమెరికా పండితుడు స్టిత్ థాంప్సన్ కథల్లో పదే పదే వచ్చే చిన్న చిన్న ముక్కలకి పెద్ద సూచిక తయారుచేశాడు. 1955, 1958 సంవత్సరాల మధ్య దాన్ని పెంచి ఆరు సంపుటాలుగా వేశారు. మన దేశపు మౌఖిక కథల్లోని ముక్కలకు ప్రత్యేకంగా ఒక సూచికను ఆయన జోనాస్ బాలిస్‌తో కలిసి 1958లో ప్రకటించాడు.

ఆ పెద్ద సూచిక మన పోపులపెట్టెలాంటిది. ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క గిన్నె. ‘సి’ అనే అక్షరం కింద నిషేధాలన్నీ ఉంటాయి. ‘ఇ’ కింద చచ్చినవాళ్ళూ దయ్యాలూ, ‘జి’ కింద రాక్షసులూ ఉంటారు. సి 611 అనే నంబరు దగ్గర చూస్తే ‘తెరవకూడని గది’ కనిపిస్తుంది. “అన్ని గదులూ చూడు, ఆ ఒక్క గది తలుపు మాత్రం తియ్యకు” అన్నమాట. మన పేదరాసి పెద్దమ్మ కథల్లో “మూడు దిక్కులకీ వెళ్ళు నాయనా, నాలుగో దిక్కుకు మాత్రం వెళ్ళకు” అని చెప్పించుకున్న రాకుమారుడు నేరుగా ఆ నాలుగో దిక్కుకే వెళతాడు చూశారూ, ఈ గదికి ఆ దిక్కు అన్నదమ్ముల వరసే. ఇవాళ్టి భయానక చిత్రంలో దీపం లేని నేలమాళిగ మెట్లమీద కాలుపెట్టే అమ్మాయిని చూసి హాలంతా “వద్దు, వద్దు” అని గోల పెట్టేది కూడా ఇందుకే. అది పాత గదే. తలుపుకి మాత్రం కొత్త రంగు వేశారు.

ఇలా మళ్ళీ మళ్ళీ వచ్చేదాన్ని మనం ‘మూస’ అనవచ్చు. మూస అంటే తిట్టు కాదు సుమా. బంగారప్పని చేసేవాడికీ మూస కావాలి, ఇడ్లీ వేసే ఇల్లాలికీ గుంటల పళ్ళెం కావాలి. అందులో ఏం పోశారన్నదే ముఖ్యం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

1970ల చివర, 80లలో అమెరికాలో ఒక జాతి సినిమాలు వరసగా వచ్చాయి. వాటిని స్లాషర్ చిత్రాలంటారు. ముఖం సరిగా కనపడని హంతకుడొకడుంటాడు. వేసవి శిబిరమో, విద్యార్థుల వసతిగృహమో, ఊరి చివర ఇల్లో ఉంటుంది. అక్కడ పడుచుపిల్లలు నలుగురైదుగురు ఉంటారు. ఒక్కొక్కరే చచ్చిపోతారు. చివరికి ఒక్కతే మిగులుతుంది. తోడివాళ్ళ శవాలను కళ్ళారా చూస్తుంది, పరుగెడుతుంది, పడుతుంది, లేస్తుంది, ఆఖరికి తిరగబడుతుంది.

ఈ మిగిలిన పిల్లకు పేరు పెట్టింది కెరల్ క్లోవర్ అనే ఆవిడ. ఆవిడ సినిమా విలేఖరి కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, బర్క్‌లీలో, మధ్యయుగపు స్కాండినేవియా సాహిత్యం చెప్పిన ఆచార్యురాలు. పాత వీరగాథలు చదివే ఆవిడ కత్తిపోట్ల సినిమాల జోలికి ఎందుకు వెళ్ళినట్టు? ఈ రెంటికీ పోలిక ఉందంటుంది ఆవిడ. నోటి కథల్లో ఇది అసలు పాఠం, ఇది నకలు అని ఉండదు. ఒకరు చెప్పింది ఇంకొకరు మార్చి చెబుతారు. ఈ సినిమాలూ అలాగే ఒకదాన్నుంచి ఒకటి, దాని తరువాయి, దాని అనుకరణ అంటూ నడిచాయి. అందుకని వాటిని జానపద కథల్ని చదివినట్టే చదవాలని 1987లో ఒక వ్యాసం రాసింది. 1992లో దాన్ని పెంచి పుస్తకం వేసింది. హంతకుడు, స్థలం, ఆయుధం, బలయ్యేవాళ్ళు, ఉలికిపాట్లు, చివరికి మిగిలే అమ్మాయి అని ఆ సినిమాలను విడదీసి చూపించింది.

ఆ అమ్మాయి లక్షణాలు కూడా చెప్పింది. తెలివైంది. చదువుకునే పిల్ల. కంటికి చుట్టుపక్కలంతా ఆనుతూ ఉంటుంది. ఏదో తేడాగా ఉందని అందరికంటే ముందు పసిగడుతుంది. మగపిల్లలతో చనువుగా తిరగదు. చాలాసార్లు పేరు కూడా మగపిల్లవాడికి పెట్టేలాంటిది ఉంటుంది.

దీనికి అందరూ చూపించే ఉదాహరణ 1978లో వచ్చిన ‘హాలోవీన్’. జాన్ కార్పెంటర్ దర్శకత్వం వహించాడు. డెబ్రా హిల్ అనే ఆవిడ నిర్మాత, ఆయనతో కలిసి కథ రాసింది కూడా. సుమారు మూడు లక్షల డాలర్లతో తీసిన చిన్న చిత్రమిది. లారీ అనే పదిహేడేళ్ళ పిల్ల డబ్బుకోసం పక్కింటివాళ్ళ పిల్లల్ని చూస్తూ ఉంటుంది. ఆ రాత్రి హంతకుడు వీధిలోకి వస్తాడు. స్నేహితురాళ్ళు చనిపోతారు. లారీ ముందు తన చేతికిందున్న పిల్లలిద్దర్నీ కాపాడుతుంది. ఆమె ఆయుధాలేమిటనుకున్నారు? ఒక అల్లికసూది, బీరువాలో బట్టలు తగిలించే తీగ. మన చేతికి రోజూ తగిలే వస్తువులే. ఈ చిత్రంలో రక్తం కనిపించేది చాలా తక్కువ. భరతముని చూస్తే దీన్ని భయానకం గిన్నెలో వేసేవాడే గాని, బీభత్సంలో వేసేవాడు కాడు.

లారీగా నటించిన జేమీ లీ కర్టిస్ ఎవరో తెలుసా? 1960లో హిచ్‌కాక్ తీసిన ‘సైకో’లో స్నానాలగదిలో హత్యకు గురైన నాయిక ఉందే, ఆ పాత్ర వేసిన జానెట్ లీ కూతురు. ఆ సినిమాలో నాయిక డబ్బు దొంగిలిస్తుంది. మనసు మార్చుకుని తిరిగి ఇచ్చేద్దామనుకుంటుంది. అయినా కథ సగం కాకుండానే చచ్చిపోతుంది. అమ్మ తెరమీద చచ్చిపోయిన పద్ధెనిమిదేళ్ళకి కూతురు తెరమీద బతికి బయటపడింది. ఆ పద్ధెనిమిదేళ్ళలో ఏం మారింది? ఆడది బతకడమా, బతకడానికి ఆడదానికి పెట్టిన షరతా? అభిమానుల తగాదా అంతా ఇక్కడ మొదలవుతుంది.

మొదటి వాదం: ఈ అరలో ఎవరిని పెట్టాలి?

1974లో కెనడాలో బాబ్ క్లార్క్ తీసిన ‘బ్లాక్ క్రిస్మస్’ హాలోవీన్ కంటే నాలుగేళ్ళు ముందుది. అందులో చివరిదాకా నిలిచిన జెస్ అనే అమ్మాయి గర్భవతి. ఆ గర్భం తనకి వద్దని నిశ్చయించుకుని, ప్రియుడు ఎంత గొడవ చేసినా మాట మార్చదు. “బుద్ధిమంతురాలే బతుకుతుంది” అనేవాళ్ళకి ఈమెని ఎక్కడ పెట్టాలో తోచదు. అదే 1974లో వచ్చిన ‘టెక్సస్ చైన్‌సా మాసకర్’లో శాలీ అనే అమ్మాయి శీలం గురించిన ప్రసక్తే ఉండదు. పరిగెత్తి పరిగెత్తి ఒక ట్రక్కు వెనక ఎక్కి బయటపడుతుంది. 1980 నాటి ‘ఫ్రైడే ద థర్టీన్త్’లో బతికిన ఆలిస్ అంతకుముందే స్నేహితులతో కలిసి, ఓడినవాళ్ళు ఒంటిమీది బట్ట ఒక్కొక్కటే విడిచే పందెం ఆట ఆడింది. అందులో హంతకురాలు ఒక తల్లి. అన్నట్టు, బుద్ధిమంతురాలని పేరుపడ్డ లారీ కూడా స్నేహితురాలి కారులో గంజాయి సిగరెట్టు కాల్చింది. చూశారా, మూస అన్నాం గాని, అందులోంచి వచ్చిన ఇడ్లీలు ఒక్కటీ ఒక ఆకారంలో లేవు.

ఇక 1979లో వచ్చిన ‘ఏలియన్’ చూడండి. అంతరిక్షనౌకలో ఏడుగురు ఉద్యోగులు. ఒక వింతప్రాణి వాళ్ళను ఒక్కొక్కరినే చంపుతుంది. చివరికి రిప్లీ అనే ఆమె ఒక్కతే మిగులుతుంది. ఈమె ఈ అరలోదేనా? “అది శాస్త్ర కల్పన, భయానకం కాదు” అని కొందరు. “రాకెట్టులో జరిగితేనేం, చీకటి కొంపే కదా” అని కొందరు. నన్నడిగితే ఇద్దరూ రెండు వేరు వేరు కొలతలతో కొలుస్తున్నారు. ఒకరు కథ ఎక్కడ జరిగిందో చూస్తున్నారు. ఇంకొకరు చూసేవాళ్ళ గుండెలో ఏం జరిగిందో చూస్తున్నారు. పులిహోర లెక్కే. భరతముని రెండోవైపు ఉండేవాడని నా నమ్మకం.

రిప్లీ గురించి ఇంకొక మాట. ఆ కథ మొదట రాసినవాళ్ళు ఈ పాత్రలు మగవాళ్ళయినా వెయ్యవచ్చు, ఆడవాళ్ళయినా వెయ్యవచ్చు అని రాతప్రతిలోనే రాసిపెట్టారు. అందుకనే కాబోలు, రిప్లీ బతకడానికి సౌశీల్యం కారణమని ఎవరూ అనరు. బయట నుంచి వచ్చినవాళ్ళని నౌకలోకి రానివ్వకూడదన్న నిబంధన ఉంది, పాటించండని మొదటే చెప్పింది. ఆమె మాట ఎవరూ వినలేదు. అంతే.

రెండో వాదం: ఆమె ఎందుకు బతికింది?

మగపిల్లలతో తిరిగిన పిల్లలు చచ్చారు, తిరగని పిల్ల బతికింది, కాబట్టి ఇది నీతిపాఠం అని విమర్శకులు అన్నారు. దర్శకుడు కార్పెంటర్ ఒప్పుకోలేదు. తాను ఏ నీతీ చెప్పలేదన్నాడు. మిగతా పిల్లల ధ్యాస స్నేహితుల మీద ఉంది, లారీ ఒంటరిది, ఆమె చుట్టూ చూస్తోంది, అందుకే హంతకుణ్ణి గుర్తుపట్టింది అన్నది ఆయన వాదన. మంచితనం కాపాడిందా, జాగ్రత్త కాపాడిందా? వినడానికి చిన్న తేడాలా ఉంటుంది గాని, ఆడపిల్లల్ని పెంచే మనకి ఇది చాలా పెద్ద తేడా. ఈ మాటకి మళ్ళీ వస్తాను.

మూడో వాదం: ఇది స్త్రీకి గౌరవమేనా?

“చూడండి, నాయకుడు వచ్చి రక్షించలేదు, ఆడపిల్లే నిలబడింది” అని చాలామంది సంతోషించారు. తమాషా ఏమిటంటే, ఆ పేరు పెట్టిన క్లోవరే ఈ సంతోషానికి అడ్డం వచ్చింది. ఇదంతా స్త్రీ విమోచన అనుకుని చప్పట్లు కొడితే మనల్ని మనం మోసం చేసుకున్నట్టేనని మొదటి వ్యాసంలోనే హెచ్చరించింది. ఆ సినిమాలు చూసేవాళ్ళలో ఎక్కువమంది కుర్రవాళ్ళు. తమ భయాన్ని తాము పడడానికి సిగ్గుపడి, ఒక ఆడపిల్లచేత పడనిచ్చి, ఆమె వెనక దాక్కుని చూస్తున్నారేమో అని ఆవిడ అనుమానం. పైగా హాలోవీన్‌లో చివరి తుపాకి పేల్చింది మగ డాక్టరే కదా! ఆ తర్వాతి చిత్రాల్లో ఆ పని కూడా అమ్మాయిలే చేశారు. 1984లో వచ్చిన ‘ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’లో నాన్సీ అనే పిల్ల ఇంట్లోనే ఉచ్చులు పన్ని కూర్చుంటుంది.

ఒక మూసకి పేరు పెట్టాక ఒక విశేషం జరుగుతుంది. తీసేవాళ్ళకి కూడా ఆ పేరు తెలిసిపోతుంది. 1996లో వెస్ క్రేవెన్ తీసిన ‘స్క్రీమ్’లో ఒక కుర్రవాడు లేచి నిలబడి, భయానక చిత్రంలో బతకాలంటే పాటించవలసిన నియమాలు ఇవి అని స్నేహితులకు వల్లె వేస్తాడు. శృంగారం కూడదు, మద్యం కూడదు, ఇప్పుడే వస్తానని చెప్పి బయటికి పోకూడదు. ఆ కథలో నాయిక సిడ్నీ మొదటి నియమాన్ని తప్పుతుంది. అయినా బతుకుతుంది. ఆమెకు ప్రమాదం నియమం తప్పడంవల్ల రాలేదు. తను నమ్మినవాడే హంతకుల్లో ఒకడు కావడంవల్ల వచ్చింది. పేరు లేనన్నాళ్ళూ ఆ నియమం గాలిలాగా కనపడకుండా ఉంది. పేరు పెట్టిన తొమ్మిదేళ్ళకి ఎవరో దాన్ని చేత్తో పట్టుకుని విరిచారు.

ఇంతకంటే నాకు నచ్చింది 2018లో మళ్ళీ వచ్చిన ‘హాలోవీన్’. జేమీ లీ కర్టిసే లారీ. ఇప్పుడామె మనవరాలున్న బామ్మ. ఆ రాత్రి జరిగి నలభై ఏళ్ళయినా ఆమెకు నిద్ర లేదు. ఇల్లు కోటలా కట్టుకుంది. కూతురికి భయమే పాలుగా పట్టి పెంచింది. ఆ కూతురు తల్లికి దూరమైంది. చివరికి మిగిలిన అమ్మాయి మిగిలాక ఎలా బతికిందన్నది అంతకుముందు సినిమాలు ఎక్కువగా పట్టించుకోలేదు. చివరికి అమ్మమ్మ, అమ్మ, మనవరాలు ముగ్గురూ కలిసి ఆ హంతకుణ్ణి ఇంటి నేలమాళిగలో బంధిస్తారు. ఒక్కతే మిగలాలన్న మూస అక్కడ బద్దలైంది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ఆడవాళ్ళను రకాలుగా విడదియ్యడం మనకు తెలియని విద్య కాదు. అష్టవిధ నాయికలు ఉన్నారు కదా! స్వాధీనపతిక, వాసకసజ్జిక, విరహోత్కంఠిత, విప్రలబ్ధ, ఖండిత, కలహాంతరిత, ప్రోషితభర్తృక, అభిసారిక. కూచిపూడి అభినయంలోనూ, క్షేత్రయ్య పదాల్లోనూ వీళ్ళని చూసి మనం ఎంత మురిసిపోతామో! ఆ సౌందర్యాన్ని నేను కాదనను. కాని ఒక్కసారి ఆ ఎనిమిది గిన్నెల మీద ఉన్న చీటీలు చదవండి. అతడు చెప్పుచేతల్లో ఉన్నాడు. అతడు వస్తాడు. అతడు ఇంకా రాలేదు. రమ్మని చెప్పి మోసగించాడు. వేరొకచోట రాత్రి గడిపి వచ్చాడు. పోట్లాడి పంపేశాక ఇప్పుడు బాధ. అతడు దూరదేశం పోయాడు. అతడి దగ్గరికి తానే బయలుదేరింది. ఎనిమిదీ ఆమె పేర్లే. కాని ఎనిమిదీ అతడు ఎక్కడున్నాడన్నదాన్నిబట్టి పెట్టిన పేర్లే.

చివరికి మిగిలిన అమ్మాయి పేరు కూడా అలాంటిదే. ఆమె హంతకుడి చేతికి చిక్కకుండా మిగిలింది కాబట్టి ఆ పేరు. జాబితా కట్టినవాళ్ళ తప్పు కాదిది. కథల్లో ఏముందో వాళ్ళు అది రాశారు. జాబితా మన చేతికి వచ్చింది కనుకనే మనకీ విషయం తెలిసింది. అన్నంలో రాయి ఉందని తినేటప్పుడు పంటికి తగిలితే తెలుస్తుంది. బియ్యం చేటలో పోసి చెరిగితే ముందే తెలుస్తుంది. వర్గీకరణ అనేది ఆ చేట.

అయితే ఊరివాళ్ళ చేట మన ధాన్యానికి సరిగా పనిచెయ్యకపోవచ్చు. 2009లో కోడి రామకృష్ణగారు తీసిన ‘అరుంధతి’ని తీసుకోండి. అనుష్క రెండు పాత్రలు వేసింది. పశుపతి అనే దుర్మార్గుడి ప్రేతాన్ని చివరికి ఆమే అంతం చేస్తుంది. మరి ఆమె చివరికి మిగిలిన అమ్మాయేనా? కానేకాదు. జేజమ్మ ముందు తానే కోరి ప్రాణం వదులుతుంది, మళ్ళీ పుట్టి ఆ పని పూర్తిచెయ్యడానికి. మిగలడంవల్ల గెలిచింది కాదు, తిరిగి రావడంవల్ల గెలిచింది. పునర్జన్మ అనే మాట తెలిసిన ప్రేక్షకులకే ఆ కథ చెప్పగలరు. ఈ కథకి కొత్త గిన్నె కావాలి. పాత గిన్నెలో పట్టలేదని కథని తప్పుపట్టకూడదు.

మరి గిన్నె పేరు మారితే నిజంగా నష్టమేమైనా ఉందా అంటే, ఉంది. 2017లో జోర్డన్ పీల్ అనే నల్లజాతి దర్శకుడు ‘గెట్ అవుట్’ అనే భయానక చిత్రం తీశాడు. తెల్లవాళ్ళ ఇంటికి అతిథిగా వెళ్ళిన నల్లజాతి యువకుడి కథ. గోల్డెన్ గ్లోబ్ బహుమతుల పోటీలో దాన్ని హాస్యచిత్రాలూ సంగీతచిత్రాలూ ఉన్న విభాగంలో పెట్టారు. పెద్ద దుమారం లేచింది. ఇది డాక్యుమెంటరీ అని పీల్ చురక వేశాడు. మా ప్రాణభయం మీకు నవ్వులాటగా కనపడిందా అన్నది చాలామంది అడిగిన ప్రశ్న. పేరు పెట్టేవాడికి అది ఒక చీటీ. ఆ గిన్నెలో ఉన్నవాడికి అది బతుకు.

ఇందాక వదిలిన మాటకి ఇప్పుడు వస్తాను. మంచితనం కాపాడిందా, జాగ్రత్త కాపాడిందా?

మన ఆడపిల్లలకి మనం చెప్పేదేమిటి? “బుద్ధిగా ఉంటే నీకేమీ కాదు” అంటాం. ప్రేమకొద్దీ అంటాం. కాని ఈ వాక్యానికి రెండో వైపు ఒకటుంది. అది మనం పైకి అనం. “నీకేమైనా అయిందంటే నువ్వు బుద్ధిగా లేవన్నమాట.” పిల్ల మాత్రం రెండు వైపులూ వింటుంది. అందుకే రేపు ఏదైనా జరిగితే, వీధిలోనో, కాలేజీలోనో, దగ్గరివాళ్ళ ఇంట్లోనో, ముందు అమ్మకి చెప్పడానికే జంకుతుంది. తనే తప్పు చేసిందేమోనని తనని తాను వెతుక్కుంటుంది.

ఎక్కడైనా ఒక అమ్మాయికి అన్యాయం జరిగిందని పేపర్లో చదివినప్పుడు మన నోటివెంట మొదట వచ్చే ప్రశ్నలు ఒకసారి గుర్తుచేసుకోండి. ఆ వేళప్పుడు ఎందుకు వెళ్ళింది? ఎవరితో వెళ్ళింది? ఏ బట్టలు వేసుకుంది? అచ్చంగా స్క్రీమ్‌లో కుర్రవాడు వల్లించిన నియమాలే. మనం ఆ సినిమాలు చూడకపోయినా ఆ మూస మన నాలుకమీదే ఉంది. చచ్చిన పిల్లల తప్పులు లెక్కపెడుతూ కూర్చుంటే ఒక సుఖం ఉంది. మన పిల్ల ఆ తప్పులు చెయ్యదు, కాబట్టి మన పిల్లకి ఏమీ కాదు అని ధైర్యం. ఉత్త ధైర్యం. ఆ లెక్కలో పడి, కత్తి పట్టుకున్నవాణ్ణి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా వదిలేస్తాం.

జాగ్రత్త నేర్పవద్దని నేననడం లేదు. చుట్టూ చూడమని చెప్పండి. తేడాగా అనిపిస్తే ఆ అనుమానాన్ని నమ్మమని చెప్పండి. గట్టిగా అరవడం, పరుగెత్తడం, ఎవరికి చెప్పాలో తెలిసి ఉండడం నేర్పండి. ఇవన్నీ నడుచుకునే తీరుకి సంబంధించినవి కావు, కళ్ళకీ కాళ్ళకీ గొంతుకీ సంబంధించినవి. అవి గడుగ్గాయికీ కావాలి, నెమ్మదస్తురాలికీ కావాలి. కాని క్షేమం అనేది మంచి ప్రవర్తనకి ఇచ్చే బహుమతి అని మాత్రం చెప్పవద్దు. అది నిజం కాదు. బుద్ధిమంతురాళ్ళకీ ఆపదలు వచ్చాయి.

కొడుకులున్న తల్లులకి ఇంకొక మాట. ఆ వరసలో ఆడపిల్లల్ని రకరకాలుగా విడదీశారు గాని, “తోడుగా నిలబడ్డ అబ్బాయి” అన్న గిన్నెకి పెద్దగా పేరు రాలేదు. ఆ గిన్నె నింపవలసినవాళ్ళు మన ఇళ్ళలోనే పెరుగుతున్నారు.

ఈసారి పిల్లలు టీవీ ముందు కూర్చుని “ఇది హారరా, థ్రిల్లరా?” అని తగువులాడుకుంటుంటే, చెయ్యి తుడుచుకుని ఓ పది నిమిషాలు వాళ్ళ పక్కన కూర్చోండి. వాళ్ళు చూడదగ్గ వయసువాళ్ళేనా అన్నది ముందు చూసుకోండి, అది వేరే సంగతి. ఆ తర్వాత ఒక్క ప్రశ్న వెయ్యండి: “ఈ కథలో ఎవరు బతికారు? ఎందుకు బతికారని ఈ కథ చెబుతోంది? నువ్వు నమ్ముతున్నావా?” పెద్ద పండితులు ఏళ్ళు పట్టి చేసిన పని మీ ముందుగదిలో మొదలవుతుంది. ఆ మాటల్లో మీ అమ్మాయి తన మనసులో దాచుకున్నది ఏదైనా చెప్పినా చెప్పవచ్చు. చెబితే, మధ్యలో అడ్డురాకుండా పూర్తిగా వినండి.

సెలవు.